ఫోను చెప్పిన చలి

మా ఇంట్లో చలికాలాన్ని మా ఆవిడ ఫోను నడుపుతుంది. సరదాకి అనడం లేదు, ఒళ్ళు మండి అంటున్నాను. తెల్లారి లేచి ప్రార్థన ముగించుకోగానే ఆవిడ చెయ్యి ఫోను మీదికి వెళ్తుంది. అందులో రెండంకెలు ఉంటాయి. పెద్దగా కనిపించేది అసలు వేడి ఎంతన్నది. దాని కింద, కళ్ళజోడు లేనిదే కనపడనంత చిన్నగా, ‘ఫీల్స్ లైక్’ అని, అంటే ఒంటికి ఎంతగా అనిపిస్తుందో చెప్పేది, ఇంకొకటి. నేను రాకెట్ పట్టుకుని గుమ్మం దాటాలా, మంచం మీద కూర్చుని గోడకేసి చూడాలా అన్నది ఆ కింది అంకె తేలుస్తుంది.

నేను ఆడేది బాల్ బ్యాడ్మింటన్. ఈ కాలం పిల్లలకు చెబితే షటిలా అంకుల్ అంటారు. షటిల్ కాదురా నాయనా, పసుపుపచ్చటి ఉన్ని బంతి, ఆరుబయట మట్టి కోర్టు, పక్షానికి ఐదుగురు, దాన్నే ఫైవ్స్ అంటాం. హాలు, చెక్క నేల, ఏసీ ఏవీ అక్కర్లేదు. కావలసిందల్లా చల్లగా, గాలి లేకుండా ఉండే పొద్దు. ఉన్ని బంతి తేలిక కాబట్టి గాలి వీస్తే కొట్టినచోటికి పోదు, ఎండ ముదిరితే ఆడే మనిషి నిలవడు. అందుకే సికింద్రాబాద్ మెట్టుగూడలో మా చర్చి ఆవరణలో ఓ మూలనున్న కోర్టుకు నవంబరులో కోతపండుగ అయ్యాక సున్నం గీతలు గీస్తాం. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యేసరికి వల విప్పేస్తాం. ఆ మధ్యనున్నదే మాకు ఏడాది.

ఒకప్పుడు డిసెంబరులో బంతి కోర్టు దాటి గడ్డిలో పడిందంటే మంచుకు నాని బరువెక్కేది. స్వెట్టరు లోపల చంకలో పెట్టుకుని ఆరబెట్టుకునేవాళ్ళం. అలా ఆరిన బంతిని సర్వీసుకి అందిస్తే అవతలివాళ్ళు మొహం అటు తిప్పుకుని తీసుకునేవాళ్ళు. ఆడేకొద్దీ ఒళ్ళు వేడెక్కి స్వెట్టర్లు ఒక్కొక్కటే వల గుంజ మీదికి చేరేవి. ఆ కుప్పని బట్టి ఎన్ని గేములయ్యాయో చెప్పొచ్చు. ఇప్పుడు బంతి గడ్డిలో పడితే పొడిగానే తిరిగొస్తుంది. స్వెట్టర్లు ఇంటి దగ్గరే ఉంటున్నాయి. మొదటి గేమ్ పూర్తికాకముందే చొక్కా వీపుకి అంటుకుపోతుంది.

కిందటి ఫిబ్రవరిలో, సీజను ఇంకో వారంలో ముగుస్తుందనగా, కోర్టులోనే కూలబడ్డాను. గుండె నొప్పి. నాతో ఆడేవాళ్ళే ఆటోలో కుక్కి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్టెంటు వేశారు. ఆ రోజు ఎండ ఎలా ఉందంటే ఫిబ్రవరి అని చెబితే ఎవరూ నమ్మరు. పొద్దున్నే సున్నం గీతలు కళ్ళలో పొడిచాయి. అంటే నేను పడింది ఎండలో. ఈ సంగతి డాక్టరుకు విడమరిచి చెప్పాను. ఆయన, మా అబ్బాయి వయసువాడే, తలూపి ఎండలో ఆడొద్దన్నాడు. న్యాయమే. ఆ నోటితోనే చలిగాలిలోనూ ఆడొద్దన్నాడు. చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయట, అప్పుడు పరిగెడితే గుండెకు భారమట. మా ఆవిడ వదలకుండా, ఎంత చలైతే ఆపాలి డాక్టరుగారూ అంది. ఆయన మాటవరసకి, ఫోన్లో ఫీల్స్ లైక్ పదిహేనుకి దిగితే పంపకండమ్మా అన్నాడు. ఆయన మాటవరసకి అన్నది మా ఇంట్లో శాసనమై కూర్చుంది.

ఎండలో పడ్డవాణ్ణి చలిలో ఆడొద్దనడం ఏం తర్కమో నాకు ఇప్పటికీ బోధపడదు. పైగా నేను ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. ఓ రోజు వాదనకు దిగాను. పదహారుంటే పదహారే, ఈ పద్నాలుగు ఎక్కణ్ణుంచి ఊడిపడింది అని. ఆవిడ కూర తరుగుతూనే జవాబిచ్చింది. ఫ్యాను వేస్తే గది చల్లబడదు, ఒంటి వేడిని గాలి పట్టుకుపోతుంది కాబట్టి మనకు చల్లగా అనిపిస్తుందని మీరే కదా ట్యూషన్ పిల్లలకు చెప్పేవారు, వంటింట్లోకి వినపడలేదనుకున్నారా అంది. నా పాఠం నాకే అప్పజెప్పేసరికి పేపరు తీసుకుని వరండాలోకి నడిచాను.

నాకు కావలసింది ఒక్కటే. ఫైవ్స్‌లో నా చోట, అంటే వెనక వరసలో ఎడమవైపు, నిలబడి ఒక్క గేమ్ పూర్తిగా ఆడాలి. పక్కన బెంచీ మీద కూర్చుని స్కోరు అరిచే పెద్దమనిషిగా మిగిలిపోకూడదు. ఆసుపత్రిలో పడుకున్నప్పుడు కూడా నేను ప్రభువుని ఎక్కువగా అడిగింది ఆయుష్షు గురించి కాదు, దీని గురించే. ఈ సంగతి మా ఆవిడకు చెబితే ఇంకోలా గొడవవుతుందని చెప్పలేదు.

కోర్టులో అవతలి పక్షం వెనక వరసలో చిలకలగూడ నుంచి వచ్చే ఆయన ఉంటాడు. రైల్వేలో పనిచేసి నాకంటే కాస్త తర్వాత రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళుగా మేమిద్దరం ఎదురెదురే. ఆయన రాకెట్ వాల్చి కోసినట్టు కట్ కొడితే బంతి నేలకు తగిలీ తగలకముందే పక్కకు జారిపోతుంది. ఉన్ని బంతిని అలా తిప్పడం మా కోర్టులో ఇంకెవరికీ చేతకాదు. దాన్ని లేపడం నాకు తప్ప ఇంకెవరికీ చేతకాదని నా నమ్మకం. ఎండాకాలమంతా ఆయన మా ఇంటికి వచ్చి, టీ తాగి, ఈసారి గీతలు గీసినంక నువ్వు రావాలన్నా, నువ్వు లేకుంటే నాకు ఆడబుద్ధి అయితలేదు అని చెప్పి వెళ్ళేవాడు. ఆయన మాట మీద ఆశ పెట్టుకుని వర్షాకాలం గడిపేశాను.

నవంబరులో గీతలు గీయడానికి వెళ్ళాను. గీయడానికి మాత్రమే అనుమతి. సున్నం నీళ్ళు పోస్తూ, తాడు పట్టుకుని చూస్తూ, పక్కన వాళ్ళు బంతి తడుతుంటే పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను. ఫోను ఆ వారమంతా పదిహేను పైనే చూపించింది, కానీ వరసపెట్టి మబ్బులు, ముసురు గాలి. కోర్టు మీద బంతి ఎటు కొడితే ఇంకోటు పోయింది. వాళ్ళే ఆడలేకపోయారు, ఇక నేనెందుకు.

అప్పుడే బందరుకు తుఫాను హెచ్చరిక వచ్చింది. మాది బందరు. మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, ఇప్పటికీ అక్కడే ఉంటారు. సముద్రం ఏ మాత్రం గురగురలాడినా మా ఆవిడకు ఇక్కడ నిద్ర పట్టదు. రేయింబవళ్ళు ఫోన్లో బందరు వాన, బందరు గాలి చూస్తూ కూర్చుంది. ఆ తుఫాను ఎటో పైకి మళ్ళిపోయింది. వదినగారి పెరట్లో రెండు కొబ్బరిమట్టలు రాలడం తప్ప ఏమీ కాలేదు. ఇంట్లో స్తోత్రం చెప్పుకున్నాం, క్రిస్మస్ పిండివంటల హడావిడిలో పడ్డాం.

డిసెంబరు మధ్యలో ఓ పొద్దున మా ఆవిడ ఫోను చూసి, ఇరవై రెండు అంది. ఫీల్స్ లైక్ ఇంకా ఎక్కువే ఉంది, ఈ ఏడాది చలే లేదండీ, వెళ్ళి ఆడుకోండి అంది. నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఆవిడ మనసు మారేలోపు స్కూటరు తీశాను. తీసి వీధి మలుపు తిరిగానో లేదో చలి మొహం మీద చాచి కొట్టింది. చేతివేళ్ళు బ్రేకు మీద బిగుసుకుపోయాయి. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఇరవై రెండులో ఇంత చలేమిటని నాకు భయం పట్టుకుంది. చలి సంగతి మానేసి నా ఒంటి సంగతి ఆలోచించడం మొదలుపెట్టాను. స్టెంటు వేశాక రక్తం సరిగ్గా తిరగడం లేదేమో, మిగతావాళ్ళకు మామూలుగా ఉన్నదే నాకు ఇలా అనిపిస్తోందేమో అనుకున్నాను.

కోర్టులో నాతో కలిపి ముగ్గురమే తేలాం. ఒకరు మంకీ క్యాపు తియ్యకుండానే ఆడతానన్నారు. మిగతావాళ్ళు రాలేదేమని అడిగితే, గిట్ల చలుంటే ఎవరొస్తరన్నా అని చిలకలగూడ ఆయన అరచేతులు రుద్దుకున్నాడు. ఫోన్లో ఇరవై రెండుంది తెలుసా అన్నాను. ఆయన నావైపు అదోలా చూసి, ఫోన్ల సంగతి నాకు తెల్వదు, ముక్కు ఉన్నదో ఊడిందో తెలుస్తలేదు అన్నాడు. ముగ్గురితో ఫైవ్స్ ఎక్కడ. వలకు ఇటూ అటూ నిలబడి కాసేపు ఊరికే తట్టుకున్నాం. అయినా బంతి రాకెట్‌కు తగిలిన చప్పుడు విన్నాక నాకు సగం ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు బంతి నిజంగానే మంచుకు తడిసింది. నేనే చంకలో పెట్టుకున్నాను.

వారం రోజులు అలాగే జరిగింది. రోజూ ఇంట్లో ఫోను చూస్తే ఇరవై పైన, వీధిలో వణుకు. ఇంటికొచ్చి చలేస్తోందంటే, ఏవండీ మీకు వయసైపోయిందండీ అని ఆవిడ నవ్వేది. నేను ఒప్పుకుంటే మర్నాడు పంపదు, ఒప్పుకోకపోతే నాకేదో జబ్బని నాలో నేనే కుమిలిపోవాలి. ఏ దారీ లేక నోరు మూసుకున్నాను. వారం చివర్న వదినగారు ఫోను చేశారు. మాటల్లో మాటగా పొద్దున్నుంచీ జల్లు పడుతోందమ్మా అన్నారట. మా ఆవిడ, అవునక్కా నా ఫోన్లోనూ వాన గుర్తు వచ్చింది, కానీ మాకిక్కడ చుక్క లేదు అంది. అలా అంటూనే ఆగిపోయింది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వాతావరణం పేజీ తీసి పైనున్న ఊరి పేరు చదివింది. తుఫానప్పుడు పెట్టిన బందరు అలాగే ఉంది.

నేను పగలబడి నవ్వాను. నా రక్తం బాగానే తిరుగుతోందన్న సంతోషం అది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి వెచ్చదనం చూసి నన్ను మెట్టుగూడ చలిలోకి తోలింది మహాతల్లి. అంతేకాదు, ఏడాది మొత్తంలో అసలైన చలి పడ్డ వారం అదొక్కటే, ఆ వారమంతా నేను బయటే ఉన్నాను, నాకేమీ కాలేదు. ఇంతకన్నా రుజువేం కావాలని గట్టిగా వాదించాను. నేను వాదిస్తున్నకొద్దీ ఆవిడ మొహం పాలిపోయింది. కుర్చీలో కూర్చుండిపోయింది.

"మీకేమైనా అయ్యుంటే, పంపింది నేనే కదండీ," అంది.

 నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ రోజు నుంచి పూర్తిగా బంద్. ఫోన్లో సికింద్రాబాద్ పెట్టింది, పెట్టాక కూడా నమ్మకం కుదరక వరండాలోకి వెళ్ళి చెయ్యి బయటికి చాపి చూసేది. పద్నాలుగంటే వద్దు. పదహారున్నా కింద పదిహేనంటే వద్దు. పదిహేడున్నా ఎదురింటి మేడ మీది బట్టలు ఎగురుతున్నాయి, గాలుంది కాబట్టి వద్దు. మనుషులకు ఇలాంటి ఫోన్లు కనిపెట్టి ఇచ్చినవాడెవడో నాకు దొరికితే వాణ్ణి చలిలో స్కూటరు మీద బోయిన్‌పల్లి దాకా తిప్పుకొస్తాను.

సరే, ఇంత చేసినా చలైనా నిలిచిందా అంటే అదీ లేదు. క్రిస్మస్ దగ్గరపడగానే ఎవరో తరిమినట్టు పోయింది. ఒకప్పుడు క్రిస్మస్ పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగే రాత్రుళ్ళు మేం శాలువాలు కప్పుకుని వెళ్ళేవాళ్ళం. మొన్నటిసారి పిల్లలు చెమటలు తుడుచుకుంటూ వచ్చి చల్లటి నీళ్ళడిగారు. జనవరిలో రాత్రి ఫ్యాను వేసుకుని పడుకున్నాం. ఇక చలి గొడవ లేదు కదా అంటే, ఇప్పుడు ఎండ గొడవ. ఆవిడ లేచి, ప్రార్థన చేసి, ఫోను చూసి, నాకు మాత్రలిచ్చి, సరే అనేసరికి కోర్టు సగం ఎండలో ఉంటోంది. ఉన్న నాలుగు చల్లటి పొద్దుల్నీ గాలి పేరు చెప్పి కాజేశారు, మిగిలినవాటిని ఎండకు అప్పగించారు. సీజను నా కళ్ళముందే కరిగిపోతుంటే కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను.

కోర్టులోనూ మనుషులు పలచబడ్డారు. ఇద్దరు ఇండోర్ హాలుకు షటిల్ ఆడటానికి మళ్ళిపోయారు. అక్కడ గాలి, ఎండ, మంచు ఏవీ ఉండవు, పన్నెండు నెలలూ ఒకటేనట. నన్నూ రమ్మన్నారు. ఆ పెట్టెలో దూరి ఆడే ఆట నాకొద్దు పొమ్మన్నాను. చిలకలగూడ ఆయన మాత్రం వదల్లేదు. వాళ్ళకీ వీళ్ళకీ ఫోన్లు చేసి, బతిమాలి, జనవరి చివర్లో ఓ శనివారానికి పదిమందిని పోగుచేశాడు. పదోవాణ్ణి నేను. నేను రాకపోతే ఫైవ్స్ లేదు. ఆ సంగతి మా ఆవిడకు చెప్పి, ఆ తర్వాత రెండు రోజులు నేనేమీ మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాను, మాత్ర ఇస్తే మింగాను. తిట్టడం కన్నా అది బాగా పనిచేసింది.

శనివారం ఆవిడ అందరికంటే ముందు లేచింది. ప్రార్థనకు ముందే ఫోను తీసింది. పైన పంతొమ్మిది, కింద పంతొమ్మిది. సీజను మొత్తంలో ఆ రెండంకెలూ ఒకటైన పొద్దు అదే, అంటే గాలి బొత్తిగా లేదు. వరండాలోకి వెళ్ళి చెయ్యి చాపింది, ఎదురింటి బట్టలు చూసింది. నా చేతికి రాకెట్ తనే తెచ్చిచ్చి, గేమ్ ఒక్కటే అని వేలు చూపించింది. సరేనని తలూపి మెట్లు దిగాను.

నా చోట నిలబడ్డాను. ఎడమవైపు, వెనక. మొదటి బంతి సరాసరి నా మీదికి వచ్చింది, ఎత్తి అవతలి మూలకు వేశాను. మావాళ్ళు భలే అన్నారు. రెండోది ఇంకా బాగా తగిలింది. చేతికి పాత రుచి తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఈ గుండెని గాజుసామానులా దాచిపెట్టారే, చూడండి ఎలా ఆడుతోందో అని లోలోపల డాక్టరునీ ఫోనునీ కలిపి కడిగేశాను. మా స్కోరు గబగబా పెరిగింది. చిలకలగూడ ఆయన కొట్టిన బంతులన్నీ గాల్లో తేలుతూ వచ్చి నా రాకెట్ ముందు వాలాయి. ఓసారి మరీ నెమ్మదిగా వచ్చేసరికి నేనే తెల్లబోయాను. గాలికి ఆగిందన్నా అన్నాడాయన. తలూపాను. మళ్ళీ ఒకటి అలాగే వచ్చింది. మళ్ళీ గాలి అన్నాడు.

చర్చి ముందు క్రిస్మస్‌కు కట్టిన కాగితపు నక్షత్రం ఇంకా విప్పలేదు. దాని తోకలు నిలువుగా వేలాడుతున్నాయి. అటు చూశాను, కోర్టు వైపు చూశాను. కట్ లేదు. ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్క కట్ కూడా వెయ్యని గేమ్ నాకు తెలిసి లేదు.  బంతిని చేత్తో పట్టుకుని వల దాకా నడిచాను. అందరూ ఆగారు. చుట్టూ ఆకు కదలడం లేదు, ఏ గాలయ్యా అని అడిగాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

ఆయన రాకెట్ పిడి తిప్పుకుంటూ నేల చూశాడు.

"నిరుడు నువ్వు పడ్డది నా కట్‌కే గదన్నా," అన్నాడు. "కొడ్దామనే అనుకుంటున్న. చెయ్యి వస్తలేదు."

నేను పడ్డది ఏ బంతికో నాకు గుర్తు లేదు. ఎండ గుర్తుంది, సున్నం గీత గుర్తుంది, అంతే. ఆయనకు గుర్తుంది. ఎండాకాలమంతా మా ఇంట్లో కూర్చుని టీ తాగింది ఆ బంతిని మోసుకునే. ఈ సీజనంతా తిట్టడానికి నాకు ఏదో ఒకటి దొరుకుతూనే వచ్చింది. చలి, ఎండ, గాలి, ఫోను, డాక్టరు, మా ఆవిడ. ఈయన్ని ఏమని తిట్టాలో తెలియలేదు. చచ్చేంత కోపం వచ్చింది, అది ఎవరి మీదో తేలలేదు. సర్లే ఆడదాం పద అని వెనక్కి వచ్చి నా చోట నిలబడ్డాను. బలమంతా పెట్టి ఆయన మీదికే కొట్టాను. బంతి నెమ్మదిగా, భద్రంగా తిరిగి నా రాకెట్ దగ్గరికే వచ్చింది. చివరిదాకా అలాగే వచ్చింది. ఎన్నడూ లేనంత తేడాతో మేమే గెలిచాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మా ఆవిడ మెట్ల మీదే నిలబడి ఉంది. నేను స్కూటరు ఆపగానే దగ్గరికొచ్చి మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. ఆయాసం లేదు కదా అంది, లేదన్నాను. ఎవరు గెలిచారంది, మేమే అన్నాను. ఆవిడ మొహం విచ్చుకుంది. ఏడాది తర్వాత దిగి ఎలా గెలిచారండీ అని అడిగింది.

గాలి మా వైపుంది అన్నాను.

పొద్దున రెండంకెలూ ఒకటేనని చూసి పంపింది ఆవిడే. నా మొహంలోకి కాసేపు చూసి, చేతిలో రాకెట్ తీసుకుని, తువ్వాలు అందించింది. గాలి ఎక్కడిదని మాత్రం అడగలేదు.